ఇల్లెఱిగిన చికిత్స

మెడ నిలుపవలసిన నెలలలో నిలుపక, కూర్చుండవలసిన నెలలలో కూర్చుండక, పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడక, రెండేండ్లు నిండవచ్చినను రెండు మాటలైన కూర్చి పలుకక వెనుకబడియున్న బిడ్డను వారమునకొకసారి జిల్లా ఆసుపత్రికి ఎత్తుకొనివచ్చి, ఫిజియోథెరపిస్టు చేతిలోనో, మాటలు నేర్పు నిపుణురాలి చేతిలోనో ఒక గంటసేపు ఉంచి, మరల ఇంటికి తీసికొనిపోవు తల్లులను మన రెండు తెలుగు రాష్ట్రములలోను చూడవచ్చును. రెండేండ్ల బిడ్డ దినమునకు ఇంచుమించు 12 గంటలు మేలుకొనియుండును; అనగా వారమునకు 84 గంటలు. అందులో నిపుణుల యొద్ద గడచునది ఒక్కటి. తక్కిన 83 గంటలును అమ్మ ఒడిలో, నాయనమ్మ కాళ్లమీద, అక్క చంకలో, వాకిటిలో, వంటయింటి గడపయొద్ద గడచును. పసితనమున బిడ్డ నేర్చుకొనునది ముఖ్యముగా మరల మరల జరుగు చిన్న చిన్న అనుభవములవలననే గనుక, ఆ ఒక్క గంట యెంత శ్రేష్ఠమైనదైనను తక్కిన గంటల తోడు లేక ఫలింపజాలదు. లెక్క మిక్కిలి తేలికయైనదే గాని, దానిని గ్రహించుటకు శిశుచికిత్సలో పండితులైనవారికే దశాబ్దములు పట్టినది. గ్రహించిన పిదప ఆచరణలో పెట్టుట మన దేశమున ఇంకను సగము దారిలోనే యున్నది.

పుట్టినది మొదలు మూడేండ్లు నిండువఱకు శిశువు మెదడునందు నాడీకణముల నడుమ సంబంధములు మహావేగమున ఏర్పడుచుండును. వాడుకలో ఉన్నవి బలపడును, లేనివి క్రమముగా సడలిపోవును. అందుచేత వినికిడి లోపమైనను, చూపు లోపమైనను, సెరిబ్రల్ పాల్సీ యైనను, డౌన్ సిండ్రోమ్ యైనను, ఆటిజమ్ లక్షణములైనను, నెలలు నిండక తక్కువ బరువుతో పుట్టుటవలన కలిగిన మందగతియైనను, ఎంత త్వరగా గుర్తించి సహాయము మొదలుపెట్టిన అంత మేలని వైద్యులు చెప్పుదురు. ఇంతవఱకు అందఱును ఒప్పుకొందురు. సహాయము ఎవరికి అను ప్రశ్న వచ్చినప్పుడు దారులు చీలును. బిడ్డకు మాత్రమే అని తలచినచో కండరములను, నాలుకను, చెవిని పరీక్షించు విద్య చాలును. బిడ్డను పెంచుచున్న ఇంటికి అని తలచినచో, ఆ యింట ఎవరెవరున్నారు, వారికి ఏది కొఱవడినది, వారియొద్ద ఏది దండిగా నున్నది అని తెలిసికొను విద్య కూడ కావలయును. మొదటిదానికి యంత్రములు, కొలతలు కలవు. రెండవదానికి కావలసినది ఎదుటివారు చెప్పునది నిదానముగా వినగల చెవి. మన ఆసుపత్రులలో మిక్కిలి కొఱతగా నున్నదియు అదియే.

అమెరికాలో 1965లో బీదకుటుంబముల పిల్లలకై హెడ్ స్టార్ట్ అను కార్యక్రమము ప్రారంభమైనది. ఆ తీరు ప్రయత్నముల ఫలితములను కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ పరిశీలించి 1974లో ఒక నివేదికను వెలువరించెను. బిడ్డను మాత్రమే చేరదీసి నేర్పినచోట, కార్యక్రమము సాగినంతకాలము అభివృద్ధి కనిపించి, అది ముగిసిన కొలది కాలమునకు ఆ మేలు తఱిగిపోవుచున్నదనియు, తల్లిదండ్రులు నేర్పుటలో పాలుపంచుకొన్నచోట అది నిలుచుచున్నదనియు ఆయన తేల్చెను. అంతటితో ఆగక, తిండికి, ఇంటికి, పనికి కటకటపడుచున్న కుటుంబమునకు ముందుగా ఆ యిబ్బంది తీర్చక బిడ్డకు పాఠములు నేర్పబూనుట వ్యర్థప్రాయమని కూడ ఆయన వ్రాసెను. అదే కాలమున విస్కాన్సిన్ రాష్ట్రమునందలి పోర్టేజ్ అను చిన్న పట్టణమునుండి, 1969లో, మఱియొక ప్రయోగము వెలువడినది. అచ్చటి పల్లెలు దూరదూరముగా నుండుటచే పిల్లలనందఱిని ఒక్క బడికి చేర్చుట దుస్సాధ్యమై, నేర్పువారే వారమునకొకమారు ఇంటికి పోయి, ఆ వారము చేయింపవలసిన పనిని తల్లికి చేసి చూపి, ఆమెచేత చేయించి, వచ్చువారమువఱకు ఆమెకే అప్పగించి వచ్చెడివారు. దారి దూరమువలన పుట్టిన ఈ పద్ధతి పలు దేశములకు వ్యాపించి మన దేశమునకు కూడ వచ్చినది. దూరములు, పల్లెలు మనకును గలవు గనుక ఇచ్చట చక్కగా ఇమిడినది.

అమెరికా ప్రభుత్వము 1986లో చేసిన శాసనము మూడేండ్లలోపు పిల్లల విషయమున ఒక క్రొత్త నియమము పెట్టెను. అంతకుముందు చికిత్సా పథకములన్నియు బిడ్డ పేర వ్రాయబడెడివి. ఇకమీదట కుటుంబము పేర వ్రాయబడవలెను, ఆ కుటుంబపు బలములు, అవసరములు అందు నమోదు కావలెను, ఆరు నెలలకొకసారి తల్లిదండ్రులతో కూర్చుండి దానిని సరిచూడవలెను. ఉద్దేశము మంచిదే గాని ఆచరణలో ఒక చిక్కు తలయెత్తినది: తమ బలహీనతలను అన్యులు లెక్కించి కాగితముపై పెట్టుట ఏ గృహస్థునకు రుచించును? 1991 సవరణ ఆ చిక్కును తొలగించెను. కుటుంబము సమ్మతించినంతవఱకే, తన నోట తాను చెప్పినంతవఱకే, తనకు అందుబాటులోనున్న వనరులు, తనకు ముందు కావలసినవి, తనను కలవరపెట్టుచున్నవి వ్రాసికొనవలెనని అది నిర్దేశించినది. నిర్ణయాధికారము నిపుణుని బల్లమీదినుండి ఇంటివారి చేతికి వచ్చుటలో ఈ ఐదేండ్ల నడుమ జరిగిన మార్పును నేను ఆ శాసనమునందలి తక్కిన విధులన్నిటికంటె గొప్పదిగా నెంచుచున్నాను.

మన ప్రాంతమునకు వత్తము. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు పేరు మారి బుద్ధిమాంద్యముగలవారి సాధికారతకై పనిచేయు జాతీయ సంస్థగా నున్నది) ఈ విషయమున చేసిన సేవను తెలుగువారు తగినంతగా ఎఱుగరు. అచ్చట రీటా పేషావరియాయు, ఆమె సహచరులును భారతీయ కుటుంబములను పరిశీలించి 1995లో ఒక గ్రంథమును ప్రకటించిరి. కుటుంబావసరములను తెలిసికొనుటకు ఒక ప్రశ్నావళిని కూర్చిరి. విదేశీయుల ప్రశ్నావళులను అనువదించి సరిపెట్టుకొనక, మన యిండ్లలో వినవచ్చు భయములను వారు అందు చేర్చిరి. బిడ్డ స్థితిని గూర్చిన సమాచారము, మొండితనమును దిద్దు ఉపాయము, డబ్బు, ప్రభుత్వ రాయితీలు, కుటుంబసభ్యుల నడుమ పొరపొచ్చెములు, ఎదిగిన పిదప పని, పెండ్లి, తల్లిదండ్రుల తదనంతరము సంరక్షణ ఇత్యాదులన్నియు అందులో గలవు. మఱియొక విశేషమేమనగా, తల్లిదండ్రులకు ఒకటి, తోబుట్టువులకు ఒకటి, తాతయవ్వలకు ఒకటిగా అడుగవలసిన ప్రశ్నలను వారు వేఱుచేసిరి. మన ఇంటిలో బిడ్డను గూర్చిన నిర్ణయము చాలమారులు తల్లిదండ్రులది కాదు. "వాళ్ల నాన్నకూ మాటలు లేటుగానే వచ్చాయి, వీడికీ వస్తాయిలే" అని అత్తగారు ఒక్కమాట యనిన పరీక్ష ఏడాది వెనుకబడును. "పదమ్మా, నేనూ వస్తా" అని ఆమెయే బయలుదేఱిన మఱునాడే పని జరుగును. అట్టి యింట తల్లినొక్కతెను కూర్చుండబెట్టి ప్రశ్నించి ప్రయోజనమేమి?

ఉత్తర కరోలినాలో పనిచేసిన కార్ల్ డన్‌స్ట్, కారల్ ట్రివెట్, ఏంజెలా డీల్ 1988లో వెలువరించిన గ్రంథము ఈ రంగమున పనిచేయువారికి ముఖ్యాధారమైనది. అందలి భావము సంగ్రహముగా ఇది: తల్లిదండ్రులు చెప్పినట్లు చేయుట లేదని నిపుణులు విసుగుకొనునప్పుడు, ఆ లోపము మనస్సుది గాక, తీఱికది, ఓపికది, డబ్బుది అయియుండవచ్చును. రాత్రి నిద్ర లేనివారికి, ఇంటి అద్దె కట్టవలసిన చింత వెన్నాడుచున్నవారికి, పూటకు ఇరువది నిమిషముల వ్యాయామము చేయించుడని చీటీ వ్రాసియిచ్చుట వలన ఒక్క అపరాధభావము మాత్రమే పెరుగును. ముందు ఏది వారిని కుదిపివేయుచున్నదో దానికి దారి చూపినచో, బిడ్డకు కేటాయించు శక్తి వారికి తనంతట వచ్చును. సహాయము చేయు తీరు కూడ ముఖ్యమనియు, కుటుంబము తన బంధుమిత్రులయొద్ద, ఇరుగుపొరుగుల యొద్ద సహజముగా పొందగల ఆసరాను బలపఱచవలెనే గాని, దానిని తొలగించి ఉద్యోగులపై ఆధారపడజేయరాదనియు వారు హెచ్చరించిరి.

ఇది మాటలలో చెప్పిన పొడిగా నుండును గనుక, పాలమూరు ప్రాంతమున ఒక పల్లెను, ఆ పల్లెలో ఒక కుటుంబమును ఊహించుకొందము. ఇరువది నెలల పిల్లవాడు. కాళ్లు బిగుసుకొని ఒకదానిపై నొకటి పడుచుండును. ఆసరా లేక కూర్చుండలేడు. తండ్రి హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి నెలకొకసారి వచ్చును. తల్లి పత్తి చేనికి కూలికి పోవును. ఇంటివద్ద మోకాళ్ల నొప్పుల నాయనమ్మ, రెండవ తరగతి చదువుచున్న అక్క. జిల్లాకేంద్రమున పరీక్షించినవారు వారమునకొకసారి రమ్మనిరి. ఇంటివద్ద దినమునకు మూడుపూటలు కాళ్లకు వ్యాయామము చేయింపుమనిరి. తెలంగాణలో 2023 డిసెంబరునుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఛార్జి లేదు గాని, పోయిన దినపు కూలిని ఏ బస్సును తిరిగి ఇయ్యదు. రెండుమారులు వచ్చి ఆమె మానుకొన్నది. రిజిస్టరులో "తల్లి శ్రద్ధ చూపడం లేదు" అని ఎక్కినది.

ఇప్పుడు మఱియొకరు ఆ యింటికి పోయి, బిడ్డ కాళ్ల మాట యెత్తక, "పొద్దున లేచింది మొదలు ఏం చేస్తారో చెప్పు తల్లీ" అని యడిగిరనుకొందము. ఏడుగంటలకు చేనికి ఆటో వచ్చును. అంతకుముందే వంట, బిడ్డకు స్నానము. పగలంతయు నాయనమ్మయొద్ద, ఆమె ఎత్తలేదు గనుక మంచముపై వెల్లకిల పరుండబెట్టి, పరుండబెట్టియే అన్నము పెట్టును, వాడు పొలమాఱుచుండును. సాయంకాలము అక్క బడినుండి వచ్చి ఆడించును. వానికి ప్రాణమంతయు అక్కయే. ఇంత తెలిసిన పిదప చేయవలసినది వేఱుగా కనబడును. కాళ్లు బిగుసుకొను బిడ్డను ఇరుకాళ్లు చెఱియొకవైపునకు వచ్చునట్లు నడుముపై చంకనెత్తుకొనుట మన తల్లుల అలవాటే. తొడలు విడివడుటకు అది మంచి సాధనము, దానికి ప్రత్యేకముగా తీఱిక అక్కఱలేదు. మూడుపూటల వ్యాయామములో ఒకటి ఉదయపు స్నానములో కలిసిపోవును. ఎత్తలేని నాయనమ్మ, గోడమూలన దిండ్ల నడుమ వానిని కూర్చుండబెట్టి, తాను ఎదుట కూర్చుండి ముద్దలు పెట్టినచో, పొలమాఱుట తగ్గును, నడుము నిలుపుటయు నేర్చును. సాయంకాలపు అరగంట అక్క ఆటలోనిది. జిల్లాకేంద్రమునకు నెలకొకసారి, తండ్రి వచ్చిన వారమున, అతనితో కలిసి పోవుట. రిజిస్టరులో శ్రద్ధలేనిదని వ్రాయబడిన కుటుంబమే ఇది; మాఱినది అడిగిన ప్రశ్న మాత్రమే.

తెలుగింట పసిబిడ్డ పెంపకమున సహజముగా నున్న సంపదను మనము చిన్నచూపు చూచుచున్నామేమోయని నాకు తోచును. కాళ్లు చాచి కూర్చున్న అమ్మమ్మ, బిడ్డను వాటిపై బోర్లించి నూనె రాచి, నలుగుపెట్టి, వేన్నీళ్లు పోయుచు, ఒక్కొక్క అవయవమును పేరుపెట్టి పలుకరించును. అందు స్పర్శ యున్నది, బోర్లించిన బిడ్డ మెడ నెత్తు ప్రయత్నమున్నది, మాట యున్నది. తారంగమాడించుట, కాళ్లు చాచి వరుసగా కూర్చుండి పాటతో లెక్కించు ఆట, కొంగుచాటున ముఖము దాచుకొని మరల చూపుట మున్నగువానిలో నీ వంతు, నా వంతు అను క్రమమున్నది. ఆటిజమ్ లక్షణములు గల బిడ్డకు నిపుణులు నేర్పజూచునది కూడ ఆ వంతుల క్రమమునే. చందమామను చూపి అన్నము పెట్టుటలో వ్రేలు చూపిన దిక్కునకు చూచు శిక్షణ యున్నది. వీనినే సాధనములుగా గ్రహించిన చికిత్సకుడు తల్లిపై క్రొత్త బరువు మోపడు. అయితే వాడుకలో నున్నదెల్ల మంచిదని నేననుట లేదు. స్నానానంతరము ముక్కులోను, చెవిలోను నూనె పోయుట ప్రమాదకరము. ఊపిరితిత్తులలోనికి నూనె పోయి న్యుమోనియా వచ్చిన పసివారు గలరు. అది మాన్పవలెనన్నను, బిడ్డకు అమ్మమ్మ చేయుచున్న మేలును ముందు గుర్తించి చెప్పిన వైద్యుని మాటయే ఆమె చెవికెక్కును.

అవసరములను తెలిసికొనుటకు రెండు ఉపాయములు ప్రసిద్ధములు. ఒకటి రాబిన్ మెక్‌విలియమ్ రూపొందించిన దినచర్యా సంభాషణము. ప్రశ్నపత్రము లేక, ప్రొద్దు పొడుపునుండి రాత్రి పడకవఱకు ఇంటి దినమెట్లు గడచునో క్రమముగా చెప్పించి, ప్రతి ఘట్టమునందు తక్కినవారేమి చేయుచుందురు, బిడ్డయేమి చేయుచుండును, ఆ సమయము హాయిగా నున్నదా కష్టముగా నున్నదా అని యడిగి, చివర రాత్రివేళ నిద్రపట్టక మేలుకొన్నప్పుడు వేధించు చింత ఏది, బ్రతుకులో ఏదైన మార్చుకొనగలిగిన ఏది మార్చుకొందురు అని విచారింతురు. పిదప తాము ముందు కోరునవి ఏవో కుటుంబమే వరుస పెట్టి చెప్పును. ఆ వరుస నిపుణుని వరుసతో కలియకపోవుట సామాన్యము. నిపుణుడు నడక యనుకొన్నచోట తల్లి "రాత్రి రెండు గంటలు ఏకధాటిగా నిద్రపోతే చాలు సార్" అనును. ఆ కోరికయే మొదట తీర్చదగినదని నా నమ్మకము, ఏలన నిద్రపోయిన తల్లి మాత్రమే నడక నేర్పగలదు.

రెండవది 1975లో యాన్ హార్ట్‌మన్ అను సామాజిక సేవాశాస్త్రజ్ఞురాలు కనిపెట్టిన చిత్రపటము. కాగితము నడుమ ఇంటిని ఒక వృత్తముగా గీచి, చుట్టును పుట్టినిల్లు, అత్తవారి వైపు, పొరుగిల్లు, అంగన్‌వాడీ, ఆసుపత్రి, గుడి, మసీదు, చర్చి, మహిళా సంఘము, అప్పిచ్చినవాడు ఇత్యాదులను వ్రాసి, ఆసరా బలమైనచోట లావుగీత, బలహీనమైనచోట సన్నగీత, మనస్తాపము కలిగించుచోట తెగినగీత గీయుదురు. చదువురాని తల్లియు దీనిని వ్రేలితో చూపి దిద్దగలదు. డ్వాక్రా సంఘపు స్నేహితురాలితో లావుగీత, సొంత ఆడబిడ్డతో తెగినగీత పడుట చూచిన తరువాత, బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవునప్పుడు పెద్దపిల్లను ఎవరియింట వదలవలెనో మఱియొకరు చెప్పనక్కఱలేదు.

ఇచ్చట ఒక విషయము కటువుగానే చెప్పవలసియున్నది. కుటుంబపు బలములను మెచ్చుకొనుట పేర బాధ్యతను వారి నెత్తిన వేసి చేతులు దులుపుకొను ధోరణి కొన్నిచోట్ల కనబడుచున్నది. మన దేశమున కుటుంబమనగా నూటికి తొంబదిపాళ్లు తల్లియే; ఆమె బలమును పొగడి ఆమెచేతనే అన్నియు చేయించుట గౌరవము కాదు. మేనరికము చేసికొన్నందువలన ఇట్లయినదని, గ్రహణమునాడు కత్తి పట్టినందువలన నైనదని, కడుపుతో నున్నప్పుడు ఏదో తిన్నందువలన నైనదని అదివఱకే ఆమెను ఇంటింట నిందించుచుందురు. దగ్గఱి రక్తసంబంధీకుల వివాహమువలన కొన్ని జన్యులోపములు వచ్చు అవకాశము పెరుగుమాట నిజమే; కాని మేనరికము చేసికొన్నది ఒక్క తల్లియేనా? గ్రహణపు మాట మూఢవిశ్వాసము. ఈ నింద బరువును దించుట కూడ చికిత్సలో భాగమే. అది తండ్రిని, అత్తమామలను కూర్చుండబెట్టి వైద్యుడు నోరార చెప్పవలసిన మాట, కరపత్రమున అచ్చువేసి తీరునది కాదు. తోబుట్టువుల మాటయు నంతే. తమ్ముని ఆడించు అక్క బలమే. ఆమె చదువు, ఆమె ఆట, ఆమెను కూడ ఒడిలోనికి తీసికొను గడియ పోకుండ చూచుట ఆమె అవసరము.

మన రాష్ట్రములలో ఇందుకు కావలసిన ఏర్పాట్లు పేరుకు తక్కువగా లేవు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన ఊరూర అంగన్‌వాడీ వచ్చినది. గర్భిణిగా నున్ననాటినుండి ఆ తల్లిని పేరుపెట్టి పిలుచు టీచరమ్మ అందున్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కింద వైద్యబృందములు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుమారులు వచ్చి పుట్టుకతో వచ్చిన లోపములు, పోషక లోపములు, వ్యాధులు, ఎదుగుదల మాంద్యము గల పిల్లలను ఏరి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. బడియీడు పిల్లలకు మండలములలో భవిత కేంద్రములు గలవు. వైకల్యమును ధ్రువీకరించు సర్టిఫికెట్టు, దానివలన వచ్చు పింఛను, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము కింద సెరిబ్రల్ పాల్సీ, ఆటిజమ్, బుద్ధిమాంద్యము, బహువైకల్యములు గలవారికి లక్షరూపాయలవఱకు వైద్యవ్యయము నిచ్చు నిరామయ బీమా గలవు. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క కార్యాలయమున, ఒక్కొక్క కాగితముగా నుండుట వలన, అన్నిటిని కలిపి చూచు భారము చివరకు ఆ తల్లిపైననే పడుచున్నది. ఒక కుటుంబమునకు ఒక్కరు, అంగన్‌వాడీ టీచరు గాని, ఆశా కార్యకర్త గాని, కేంద్రమునందలి సామాజిక కార్యకర్త గాని, తోడుగా నిలిచి దారి చూపవలెనని ఈ రంగమున పనిచేసినవారందఱు చెప్పుదురు. అట్టి తోడును నియమించుటకు క్రొత్త భవనములు కట్టనక్కఱలేదు.

బిడ్డతో కేంద్రమునకు పోవు తల్లిదండ్రులు కొన్ని కోరికలు జంకక అడుగవచ్చును. తమ దినచర్యను వినిన తరువాతనే ఇంటివద్ద చేయవలసిన పనిని చెప్పుమని అడుగవచ్చును. ఆ పనిని ఒకమారు తమచేతనే చేయించి చూచి సరిదిద్దుమని అడుగవచ్చును. తమకు ముందు కావలసినది ఏదో తాము చెప్పిన మాటలలోనే, తెలుగులో, ఒక కాగితముపై వ్రాసి యిమ్మని, మరల ఎప్పుడు దానిని కలిసి చూతమో ఆ తేదీని దానిపై వేయుమని, సందేహము వచ్చిన మాటాడవలసిన ఒక్క మనిషి పేరు, ఫోను నంబరు క్రింద వ్రాయుమని అడుగవచ్చును. ఇంట పెద్దలెవరైన అభ్యంతరము చెప్పుచున్నచో, వారిని కూడ ఒకమారు పిలిపించి మాటాడుడని కోరవచ్చును. చాలమంది వైద్యులు అందుకు సంతోషముగా ఒప్పుకొందురు.